ఇనుప ముసుగుకు తగరపు అతుకు

ఎర్రరాతి కొండను నిలువునా చెక్కి కట్టిన కోట శోణగిరి. పొద్దుపొడుపు వేళ అడవి దారిన వచ్చే బాటసారికి, కొండ నెత్తిన ఎవరో కొలిమి రాజేసినట్టు కనబడుతుంది. బురుజుల మీద పులితలల పతాకలు, పతాకల పైన తిరిగే గద్దలు, ఆ గద్దల నీడలు పడే బంగారు గోపురాలు. కింద, చూపు జారిపోయేంత లోతున, ఘోషవతి నది నల్లరాళ్లను కొరుకుతూ రంకెలు వేస్తూ పారుతుంది. కోటకూ అవతలి అడవికీ నడుమ ఆ అగాధం మీద ఇనుప గొలుసులకు వేలాడే వంతెన ఒక్కటే దారి.

ఆ ఉదయం కోట లోపలి ముంగిట్లో నిజంగానే కొలిమి రాజుకుంది. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని తిత్తి ఊదుతున్నది మాచమ. తలకు పాగా, ఒంటికి తండ్రి అంగీ, మొలకు తోలుపట్టా, మొగం నిండా మసి. చూసినవాళ్లు మీసం రాని కంచరి కుర్రవాడనుకున్నారు. కాపలావాళ్లు పేరడిగితే మాచోజు అని చెప్పింది.

రావలసింది ఆమె తండ్రి గంగోజు. ముందటి రోజు భటులు కంచరివాడకు వచ్చి, బతికున్న మనిషి తలకు ఇనుప తొడుగు వేసి అతకాలి, బయలుదేరమన్నారు. గంగోజు పనిముట్ల సంచి ముట్టుకోలేదు. "దేవుడి విగ్రహాలకు అతుకులేశాను, తాగే చెంబులకు వేశాను. మనిషిని మూసే పని నేను చెయ్యను" అన్నాడు. భటులను వెంటబెట్టుకొచ్చిన దళవాయి ఇంకో మాట మాట్లాడలేదు. గంగోజు కుడిచేతిని గంగోజు దాకలి దిమ్మ మీదే పెట్టించి మణికట్టు దగ్గర నరికాడు. నెత్తురు ఆగడానికి మొండి మీద ఆ కొలిమిలోని నిప్పులే కుక్కించాడు. తెల్లవారేసరికి వాడలోంచి ఎవరో ఒకరు పనిముట్లతో కోటకు రాకపోతే ఇళ్లన్నీ తగలబెడతామని చెప్పి గుర్రమెక్కాడు. మాచమ తండ్రిని మేనమామ ఇంట పడుకోబెట్టి, తెగిన చేతిని తులసికోట పక్కన పాతిపెట్టి, ఆ సంచీనే భుజాన వేసుకుని కొండెక్కింది.

ఆమె ఎదురుగా, పులితోలు పరచిన గద్దె మీద శరభాంకుడు కూర్చుని ఉన్నాడు. మొన్నటిదాకా సేనాపతి. పాత రాజు చితి చల్లారకముందే సింహాసనం ఎక్కాడు. రాజకుమారుడు కీర్తిధరుడు శత్రురాజుతో చేతులు కలిపి పారిపోయాడని ఊరంతా చాటింపు వేయించాడు. అది అబద్ధం. కీర్తిధరుడు అదే కోట నేలమాళిగలో గొలుసులకు కట్టుబడి ఉన్నాడు.

అతణ్ణి చంపకపోవడానికి కారణం శరభాంకుడి పక్కన నిలబడి ఉన్న మాంత్రికుడు తామ్రాక్షుడు. రాగి రంగు కళ్లు, మోకాళ్ల దాకా జడలు, మెడలో పాము వెన్నెముకల హారం. "ఈ వంశంలో చివరివాడి నెత్తురు ఎవడు చిందించినా, ఎవడు చిందించమన్నా, వాడు వచ్చే పౌర్ణమిని చూడడు" అని అతను జోస్యం చెప్పాడు. అందుకని శరభాంకుడు వేరే ఉపాయం పన్నాడు. రాజకుమారుడి మొగాన్ని ఎన్నటికీ ఊడని ఇనుములో మూసి, పేరులేని బానిసగా ఉప్పుగనులకు పంపేస్తాడు. అక్కడ ఎవడు ఎలా చచ్చినా అడిగేవాడు లేడు.

తామ్రాక్షుడి కాళ్ల దగ్గర అతని జాగిలం పడుకుని ఉంది. దూడంత ఉంది. ఒళ్లంతా రాగి రేకులు, గోళ్లు ఉక్కువి, కళ్ల చోట కెంపులు. అది ఊపిరి తీయదు. కాని దాని డొక్కలోపల ఏదో దబదబా కొట్టుకుంటున్న చప్పుడు కొలిమి దాకా వినిపిస్తోంది.

"తీసుకురండి" అన్నాడు శరభాంకుడు.

భటులు కీర్తిధరుణ్ణి ఈడ్చుకొచ్చారు. చేతులకు బారెడు గొలుసు. తలకు అప్పటికే తడిసిన ఉన్నిగుడ్డలు చుట్టి, పైన బంకమట్టి మెత్తి, ఇనుప తొడుగు బిగించి ఉంచారు. తొడుగు రెండు చిప్పలు. ముందు చిప్పకు కళ్ల చోట సన్నని చీలికలు, నోటికి ఒక బెజ్జం. చెవుల దగ్గర ఇటు ఒకటి అటు ఒకటి, రెండు చిప్పలకూ బయటికి పొడుచుకొచ్చిన రెక్కలు ఉన్నాయి. ఆ రెక్కలను ఒకదానికొకటి అతికేస్తే తల లోపల ఉండిపోతుంది.

అతుకులు రెండు రకాలు. ఇత్తడి పొడిలో వెలిగారం కలిపి వేసేది గట్టి అతుకు. అది పట్టాలంటే ఇనుము ఎర్రగా పండాలి. పట్టిందంటే మళ్లీ అంత మంటలో పెడితే తప్ప విడవదు, తల లోపలుండగా అంత మంటలో ఎవరూ పెట్టలేరు. తగరం, సీసం కలిపి వేసేది మెత్తని అతుకు. అది పట్టడానికి కాస్త వేడి చాలు, విడవడానికీ కాస్త వేడి చాలు. శరభాంకుడు అడిగింది మొదటిది. మాచమ మనసులో ఉన్నది రెండోది. తగరాన్ని తాటాకంత పలచగా కొట్టి అంగీ చేతి మడతలో దాచుకుని వచ్చింది. కంటికి ఆనడానికి మాత్రం కొలిమిలో మట్టిమూస పెట్టి ఇత్తడి కరగబెట్టింది.

"ఎంతసేపురా?" అన్నాడు శరభాంకుడు.

"రెక్కలకు తుప్పుంది ఏలినవారూ. ఆకురాయితో రుద్దకపోతే అతుకు పట్టదు" అంది గొంతు బొంగురు చేసుకుని.

రుద్దుతూ రుద్దుతూ తగరపు రేకును రెక్కల నడుమకు జారవిడిచింది. పైన అందరికీ కనబడేలా ఇత్తడి పొడి చల్లింది. గుగ్గిలం పొడి వేసి, కొలిమికి దండం పెట్టుకుంది. నల్లని సుగంధపు పొగ లేచి ఇద్దరి మొగాలనూ కమ్మింది. ఆ పొగలో ఆమె అతని చెవి దగ్గరి రెక్క మీదకు వంగింది.

"బాబూ, నేను గంగోజు బిడ్డను. ఇది తగరం, ఊడుతుంది. నేను ఊదుగొట్టం ఊదగానే ప్రాణం పోయినట్టు అరవండి."

విన్నానన్నట్టు అతని చేతుల గొలుసు ఒకసారి కదిలింది.

ఆమె నిప్పుకణికను పటకారుతో రెక్క పక్కన పెట్టి ఊదుగొట్టం ఊదింది. సన్నని మంట నాలుకలా సాగి రెక్కను నాకింది. తడిమట్టి సుయ్యిమంది. ఆవిరి లేచింది. కీర్తిధరుడి మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి, పిడికిళ్లు బిగిశాయి. కాని నోట్లోంచి మూలుగైనా రాలేదు.

"అరవండి" అంది మళ్లీ, పళ్లమధ్య నుంచి.

అతను అరవలేదు. శత్రువు గద్దె ముందు నోరు తెరవడం ఆ రాజకుమారుడికి చావుకన్నా కష్టమైంది.

"ఇనుము పండినట్టు లేదే" అన్నాడు తామ్రాక్షుడు, ఉన్నచోటి నుంచే.

"ఎండలో ఎరుపు కనబడదు స్వామీ. తమ నీడ పడితే కనబడుతుంది. కాని దగ్గరకొస్తే నిప్పురవ్వలు చిమ్ముతాయి."

మాంత్రికుడు ముందుకు రాలేదు. తగరం కరిగి రెక్కల అంచున వెండిగీతలా పాకింది. వెంటనే మాచమ చల్లార్చే నీళ్లని పేరుపెట్టి తెచ్చిన మైలుతుత్తపు నీళ్లలో గుడ్డ ముంచి అతుకు మీద రాస్తూ, ఆ తడిని ఇనుప సూదితో తాకించింది. తెల్లని గీత కళ్లముందే, మంటకు కాలిన ఇత్తడిలా, రాగిరంగుకు తిరిగింది. రెండో రెక్కకూ అలాగే చేసింది. దళవాయి సమ్మెట తీసుకుని ఒక్కో రెక్క మీదా బలంగా కొట్టి చూశాడు. అతుకు ఊడలేదు.

శరభాంకుడు నవ్వి లేవబోయాడు. తామ్రాక్షుడు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"రాజా, ఈ జాగిలం డొక్కలో తోడేలు గుండె ఉంది. బతికున్న గుండె. దాన్ని లోపల పెట్టి మూసేటప్పుడు నేను మంట వాడాను. బతికున్నదాని మీద మంట పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ గుండె మూడు ఊళ్లకు వినబడేలా అరిచింది. వీడు అరవలేదు." ముందుకొచ్చి వంగి, కొలిమిలోంచి ఒక నిప్పుకణికను ఉత్తి వేళ్లతో తీశాడు. "వీడి మీద పడాల్సినంత మంట పడలేదు."

కణికను ఎడమ రెక్క మీద పెట్టి ఊదాడు. రాగిరంగు పొర పగిలి, ఆ పక్క అతుకు విడిపోయింది. తెల్లని మెరిసే చుక్క ఒకటి జారి కీర్తిధరుడి భుజం మీద పడింది.

"తగరం" అన్నాడు తామ్రాక్షుడు.

ఆ మాట ముగియకముందే మాచమ పటకారుతో మూసను ఎత్తి, కరిగిన ఇత్తడిని అతని మొగాన విసిరింది.

పసుపుపచ్చని మంట గాలిలో తోరణంలా సాగి మాంత్రికుడి ఎడమ చెంప మీద విరుచుకుపడింది. చర్మం చిటపటమంది. ఒక కన్ను ఉడికి పగిలింది. జడలు భగ్గుమన్నాయి. తామ్రాక్షుడు మొగాన్ని రెండు చేతులా పట్టుకుంటే ఆ చేతులు మొగానికే అంటుకుపోయాయి. అతని కేకకు గోపురాల మీది గద్దలు చెదిరిపోయాయి.

దళవాయి కత్తి దూసి మీదికొచ్చాడు. తన తండ్రి చేతిని నరికిన ఆ కత్తినే మాచమ చూసింది. పక్కకు జరిగి, ఎర్రగా కాలిన పటకారు కొసను అతని గొంతులోకి పొడిచింది. మాంసం కాలిన వాసన వచ్చింది. దళవాయి కొలిమి మీద బోర్లా పడ్డాడు, లేవలేదు. ఆ తోపులాటలో ఆమె పాగా ఊడి, నల్లని జడ నడుం దాకా జారింది.

"ఆడదా" అన్నాడు శరభాంకుడు, నమ్మలేనట్టు. మరుక్షణం గద్దె దిగి వెనక్కు గెంతుతూ కేకవేశాడు. "దాన్ని నరకండి. ముసుగువాడి మీద మాత్రం కత్తి పడకూడదు. వాడి నెత్తురు ఒక్క బొట్టు చిందినా మిమ్మల్ని ఏనుగుల కాళ్లకింద వేయిస్తాను."

ఆ మాటను అందరికన్నా ముందు అర్థం చేసుకున్నవాడు కీర్తిధరుడు.

"చెల్లీ, నా వెనక ఉండు. వీళ్లు నన్ను కొయ్యలేరు" అని గొలుసును రెండు చేతులా తిప్పాడు. మొదటివాడి దవడ విరిగింది. రెండోవాడు ఈటె తిరగేసి కర్రవైపుతో కొట్టబోతే, కీర్తిధరుడు ఆ దెబ్బను ఇనుప మొగం మీద కాచుకుని, అదే మొగంతో వాడి ముక్కును పగలగొట్టాడు. మూడోవాడి మెడకు గొలుసు చుట్టి, ఎముక పటుక్కుమనేదాకా వదల్లేదు. భటులు కత్తి ఎత్తుతారు, అంతలో మాచమ ముందుకు రాజకుమారుడు అడ్డం పడతాడు, కత్తి గాలిలోనే ఆగిపోతుంది. ఆ ఆగిన క్షణంలో అతని చంక కిందనుంచి పటకారు వచ్చి మోకాలినో ముంజేతినో కాల్చేస్తుంది.

"దారి కనబడుతోందా?" అంది మాచమ రొప్పుతూ.

"మట్టి జారి కళ్లలో పడింది. అయినా ఇది నేను పుట్టిన కోట. ఎడమ పక్క రాతి ఏనుగుందా?"

"ఉంది."

"దాని వెనక మెట్లు. పద."

ఇద్దరూ ఆ సందులో దూరారు. వెనక శరభాంకుడి కేకలు, ఆ కేకలను మించి తామ్రాక్షుడి గొంతు: "చీల్చు. దాన్ని చీల్చు." రాతినేల మీద ఉక్కుగోళ్ల చప్పుడు మొదలైంది.

మెట్లు కోటగోడలో తొలిచిన ఇరుకు సొరంగం. కీర్తిధరుడు భుజాలతో గోడలు తడుముకుంటూ ముందు ఎక్కుతున్నాడు. మాచమ వెనక.

"అరవమన్నాను కదా" అంది.

"అన్నావు."

"ఒక్క కేక వేస్తే పోయేది. మనం ఈ పాటికి ఉప్పుగనుల బండిలో అడవి దారి పట్టేవాళ్లం. దారిలో ఊడదీసేదాన్ని."

"చేతకాలేదు చెల్లీ. నేర్చుకుంటాను" అన్నాడు ఇనుము లోపలి నుంచి.

మెట్లు సింహద్వారం పైనున్న నూనెగదిలోకి తేలాయి. ముట్టడి వచ్చిన రోజున శత్రువుల నెత్తిన పోయడానికి అక్కడ గంగాళం నిండా నూనె, దాని కింద ఎప్పుడూ ఆరని పొయ్యి. మాచమ తలుపు మూసి గడియ వేసింది. గడియ పడిందో లేదో తలుపు మధ్యనుంచి పగిలింది. చెక్క ముక్కలతోపాటు జాగిలం లోపలికొచ్చి పడింది.

అది రాజకుమారుడి వైపు చూడనైనా చూడలేదు. ఒక్క దూకులో మాచమను వెల్లకిలా పడేసి, ఎడమ భుజాన్ని కరచుకుంది. కోరలు ఎముకను తాకాయి. కీర్తిధరుడు గొలుసుతో దాని వీపు మీద ధనధనా కొట్టాడు. రాగి సొట్టలు పడింది గాని అది పట్టు వదల్లేదు. మాచమ కళ్లను చీకట్లు కమ్ముతున్నాయి. తన పొట్టకు జానెడు ఎత్తున దాని కడుపు. అందులో తోడేలు గుండె దబదబమంటోంది. కడుపు నడుమ పొడుగునా ఒక గీత. మిగతా అతుకులన్నీ పసుపుపచ్చన. ఈ గీత ఒక్కటీ తెల్లన.

మంత్రగాడైనా మరొకడైనా, లోపల ప్రాణం పెట్టి ఆఖరున మూసే అతుకును తగరంతోనే వేయాలి, లేకపోతే ఆ ప్రాణం మాడిపోతుంది.

"బాబూ, పొయ్యిలో కొరివి. నా చేతికివ్వండి" అంది.

కీర్తిధరుడు చీలికల్లోంచి కనబడే ఆ కాస్త వెలుగును పట్టుకుని పొయ్యి దాకా తడుముకున్నాడు. మండే కొరివిని ఉత్తచేత్తో లాగి ఆమె వైపు చాచాడు. మాచమ దాన్ని అందుకుని జాగిలం కడుపు కింద ఆనించింది. కోరలు ఇంకా లోపలికి దిగాయి. ఆమె నొప్పిని బిగబట్టి ఊదింది, కొలిమి ముందు ఊదినట్టే, ఊపిరి తెగకుండా. తెల్లగీత మెరిసింది, చెమర్చింది, వెండిచుక్కలై ఆమె పొట్ట మీద రాలింది. చుక్క పడ్డచోటల్లా చర్మం బొబ్బ తేలింది. ఆమె ఊదడం ఆపలేదు. డొక్క రేకులు రెండుగా విచ్చుకుని, పొగలు కక్కుతున్న తోడేలు గుండె ఆమె గుండెల మీద పడింది. ఎర్రగా, వెచ్చగా, ఇంకా కొట్టుకుంటూ. మాచమ దాన్ని పిడికిట పట్టి పొయ్యిలోకి విసిరింది. జాగిలం కాళ్లు నాలుగూ ఒక్కసారి బిగుసుకున్నాయి. తరవాత అది ఉత్త రాగి.

కీర్తిధరుడు దాని దవడలు విడదీసి ఆమెను లేవదీశాడు. అంగీ భుజం నుంచి మోచేతి దాకా నెత్తుటితో తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆమె ఇంకా నిలదొక్కుకోకముందే గదికి రెండోవైపున్న తలుపు తెరుచుకుంది.

ద్వారపాలకులు. వాళ్ల ముందు నాయకుడు కాటయ. నెరిసిన గడ్డం, ఒక చెవి తెగిన మనిషి. పాత రాజు కాలం నుంచీ ఆ ద్వారం అతనిదే. లోపలి ముంగిట్లో జరిగినవేవీ ఈ మనుషులకు తెలియవు. రాజకుమారుడు శత్రువుతో చేరాడని చాటింపు విని నమ్మి కుమిలినవాళ్లు. ఇప్పుడు వాళ్ల కళ్లకు కనిపిస్తున్నది ఇనుప మొగం ఖైదీ, నెత్తుటి మడుగులో ఒక ఆడది. ఈ ఖైదీ నెత్తురు చిందకూడదన్న ఆజ్ఞ కూడా వాళ్ల చెవిన పడలేదు.

"పారిపోయే ఖైదీలు. నరకండి" అన్నాడు కాటయ.

ఈటెలు ముందుకు వంగాయి.

"కాటయ మామా" అన్నాడు కీర్తిధరుడు. ఆ మాట ఇనుములో పడి పొర్లి, ఎవరి గొంతో తెలియకుండా బయటికొచ్చింది.

మాచమ కొరివిని ఎత్తి పట్టుకుంది. "నాయకుడు గారూ, నరకండి. కాని ఎవరిని నరుకుతున్నారో చూసి నరకండి. ఒక పక్క అతుకు ఊడింది, రెండో పక్కది ఊడదీసేదాకా ఆగండి. అంతసేపూ మీ ఈటె నా గొంతు మీదే పెట్టుకోండి."

కాటయ ఒక్క క్షణం ఆమెను చూశాడు. నిజంగానే ఈటె కొసను ఆమె గొంతు గుంట మీద ఆనించాడు. "కానీ" అన్నాడు.

కొరివి వేడి చాలలేదు. ఉన్నిలో తడి ఆరిపోయింది, రెక్క పక్కనే చర్మం. మాచమ కొరివిని ఇంకా దగ్గరకు జరపలేకపోయింది. అది గమనించిన కీర్తిధరుడు తానే పొయ్యి ముందు మోకరిల్లి, ఇనుప చెంపను తిన్నగా మంటలో పెట్టాడు. ఈసారి అతను అరిచాడు. గది గోడలు మోగేలా, మాటలేవీ లేకుండా, బతికున్న మనిషి అరవగలిగినంతా అరిచాడు. ద్వారపాలకుల్లో ఒకడు మొగం తిప్పుకున్నాడు. తగరం ధారగా కారింది. మాచమ పటకారు కొనను చీలికలో గుచ్చి మెలితిప్పింది. చిప్పలు రెండూ ఊడి రాతినేల మీద దొర్లాయి. మట్టి పెచ్చులు రాలాయి, మాడిన ఉన్ని రాలింది.

కుడిచెంప అంతా ఒక్క బొబ్బ. కనుబొమలు లేవు. అయినా ఆ మొగం అదే.

కాటయ చేతిలోంచి ఈటె జారింది. ఆ రాజకుమారుణ్ణి మొదటిసారి గుర్రమెక్కించి, పడితే ఎత్తుకుని, మళ్లీ ఎక్కించినవాడు అతనే. "బాబూ," అన్నాడు. "నువ్వు వెళ్లిపోయావన్నారు. నేను నమ్మాను బాబూ. నమ్మాను."

"తలుపు తీయించు మామా. తరవాత ఏడుద్దాం."

కాని అప్పటికే మెట్ల సొరంగంలోంచి శరభాంకుడి మనుషులు బిలబిలా వచ్చిపడ్డారు. మొగం చూసిన ద్వారపాలకులు ఒక వైపు, చూడనివాళ్లు ఒక వైపు. ఒకే బానలో అన్నం తిన్నవాళ్లు ఒకరి కడుపులు ఒకరు చీల్చుకున్నారు. ఎవడో గంగాళాన్ని తన్నాడు. మరిగే నూనె మెట్ల వెంబడి వరదలా దిగింది. సొరంగం నిండా ఉన్నవాళ్లు వెనక్కు తిరిగే చోటు లేక, నిలబడ్డచోటే వేగిపోయారు. ఆ కేకల నడుమ నుంచి కాటయ ఇద్దరినీ కింది ద్వారానికి లాక్కుపోయాడు. సింహద్వారం తెరవడానికి వ్యవధి లేదు. పక్కనున్న చిన్న దిడ్డితలుపు గడియ తీశాడు.

"నువ్వూ రా" అన్నాడు కీర్తిధరుడు.

"ఈ తలుపు బయటినుంచి మూసుకోదు బాబూ" అని కాటయ ఇద్దరినీ వంతెన మీదకు నెట్టాడు. లోపలికి తిరిగి, గుమ్మం నిండా నిలబడ్డాడు. మొలలోని కత్తి దూసి మొదటి ఇద్దరినీ దానికి బలి చేశాడు. మూడోవాడి ఈటె అతని కడుపులో దిగింది. నాలుగోవాడిది పక్కటెముకల్లో. కాటయ ఆ రెండు ఈటెలనూ చేతులతో పట్టుకుని గుమ్మానికి అడ్డంగా బిగించేశాడు. అతని ప్రాణం పోయాక కూడా ఆ శవాన్ని పక్కకు తీయడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది.

వంతెన సగం దాటేసరికి గోడ మీద శరభాంకుడు కనిపించాడు. కిరీటం లేదు, చేతిలో విల్లుంది, బాణం మాత్రం సంధించలేదు. అతని పక్కన ఎవరో చించిన పంచె మొగానికి చుట్టించుకుని నిలబడి ఉన్నారు. ఆ గుడ్డలోంచి ఒకే ఒక రాగికన్ను మెరుస్తోంది.

"గొలుసులు తెంచండి" అన్నాడు శరభాంకుడు. "నీళ్లలో చస్తే ఆ నెత్తురు మనకంటదు."

గొడ్డళ్లు లేచాయి. మొదటి దెబ్బకు వంతెన పాములా మెలితిరిగింది. రెండో దెబ్బకు కాళ్లకింది పలకలు ఊడిపడ్డాయి. కీర్తిధరుడు మాచమ నడుం పట్టుకున్నాడు. గొలుసు తెగింది. ఆకాశం, ఎర్రని గోడలు, ఆకాశం, నల్లని నీళ్లు. ఘోషవతి వాళ్లిద్దరినీ చాచి కొట్టినట్టు లోపలికి లాక్కుంది.

మాచమ పైకి తేలేసరికి నోట్లో నెత్తురూ ఇసకా ఉన్నాయి. ప్రవాహం రాళ్ల మధ్య ఆమెను బంతిలా విసురుతోంది. ముందు ఒక పెద్ద చప్పుడు. కొండ చీలి నల్లని నోరు తెరుచుకుని ఉంది. ఏరంతా నురగలు కక్కుతూ ఆ నోట్లోకి దూరిపోతోంది. అటు వెళ్లిన మొద్దు ఒకటి ఆమె చూస్తుండగానే లోపలికి మాయమైంది. దాని అవతల ఏముందో కంచరివాడలో గాని కోటలో గాని చెప్పగలిగినవాళ్లు లేరు.

ఒడ్డున మర్రిఊడంత లావు వేరొకటి నీళ్లలోకి వేలాడుతోంది. ఆమె మంచి చేత్తో దాన్ని అందుకుంది. అందుకున్న మరుక్షణమే కీర్తిధరుడు ఆమె పక్కనుంచి కొట్టుకుపోయాడు. మొగం నీళ్లలో ఉంది, కళ్లు మూసి ఉన్నాయి, చేతుల గొలుసు అతణ్ణి కిందికి లాగుతోంది. జాగిలం చీల్చిన చెయ్యి చాచి మాచమ ఆ గొలుసును పట్టుకుంది. భుజంలో ఏదో చిట్లింది. ఆమె వదల్లేదు.

"బాబూ," అని పిలిచింది. "బాబూ, కళ్లు తెరవండి."

అతను కదల్లేదు. ఏరు గొలుసును గుంజుతోంది. వేలు వేలూ జారుతోంది. కోటవైపు ఒడ్డున, కొండ దిగి వచ్చిన గుర్రాల డెక్కలు వినిపించాయి. శరభాంకుడి భటుల్లో ఒకడు రాయి మీద మోకాలు వేసి, ఆమెకు గురిచూసి బాణం సంధించాడు. ఇంకొకడు తాడు విసిరి, "ఆడదాన్నొక్కదాన్ని లాగండి, మాంత్రికుడికి ప్రాణంతో కావాలట" అని అరిచాడు. తాడు ఆమె మొగం ముందే వచ్చి పడింది.

మాచమ తాడును చూసింది. గొలుసు చివర తేలుతున్న ఆ కాలిన మొగాన్ని చూసింది. గొలుసును మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, వేరును వదిలేసింది.

ఏరు ఇద్దరినీ కొండ లోపలికి మింగేసింది.